ఉప్పునీళ్ళ డాక్టరమ్మ

పోయిన నెల ఒకాయన బీపీ మాత్రల కోసం మా మందుల షాపుకి వచ్చాడు. మాత్రలు తీసుకున్నాక కూడా వెళ్ళకుండా కౌంటర్ పక్కన నిలబడ్డాడు. జనం కాస్త పలచబడ్డాక దగ్గరికి వచ్చి, "స్టేషన్ రోడ్డు మీద మందులమ్మే చెల్లెవి నువ్వేనా?" అని అడిగాడు.

"నేనే అన్నా. ఏం గావాలె?"

"ఏం వద్దు. మాది ఎల్లారెడ్డి. మా అక్క సచ్చిపోయింది. వానలప్పుడు. గుండె ఆగింది. ఎప్పుడు నీ ముచ్చట చెప్తుండె. నీకు చెప్పి పోదమని ఆగిన."

అక్క ఎవరని నేను అడగలేదు. ఆ పొడుగు మొహం, ఒకదానికొకటి కలిసిపోయిన ఆ కనుబొమలు చూడగానే తెలిసిపోయింది. కుర్చీ వేసి కూర్చోమన్నాను. ఆయన మంచినీళ్ళు తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని అడిగాడు.

"ఒకటి అడుగుత, ఏమనుకోకు. మా అక్క కామారెడ్డికొచ్చి ఏం పని చేస్తుండె? పొద్దుగాల్ల బస్సెక్కి పోతుండె. అడిగితే పేషంట్లున్నరంటుండె. ఏదన్న దవాఖానల ఆయా పని గావచ్చనుకున్నం."

"చాపలకు వైద్యం చేస్తుండె అన్నా."

ఆయన నవ్వలేదు. నిజంగానే ఆలోచించాడు. "నిజాంసాగర్ చాపలకా?"

"గాదు. సముద్రం చాపలకు. పెద్ద పెద్ద దుకాణాల్ల అద్దాల తొట్లు పెడ్తరు గద, ఉప్పునీళ్ళు పోసి. అండ్ల చాపలకు."

"కామారెడ్డిల సముద్రం చాపలు," అని తనలో తాను అనుకున్నాడు. ఇంకేదో అడగబోయాడు కానీ ఇంతలో షాపులోకి మళ్ళీ జనం వచ్చారు. గ్లాసు కౌంటర్ మీద పెట్టి, బస్సుకి టైమైందని వెళ్ళిపోయాడు. తోడబుట్టిన మనిషికి ఒక్క ముక్కలో చెప్పి పంపించేశానే అని ఆ రోజంతా నాకు వెలితిగానే ఉంది.

ఆమె మొదటిసారి వచ్చింది కూడా ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆ కౌంటర్ దగ్గరికే. అరవైకి దగ్గర వయసు. సన్నగా, పొడుగ్గా ఉంది. కొంగు నడుము చుట్టూ బిగించి దోపుకుంది. మగవాళ్ళు పెట్టుకునేంత పెద్ద వాచీ పెట్టుకుంది. చేతిలో నల్ల రెగ్జిన్ సంచి. వచ్చీ రాగానే, "ప్రాజిక్వాంటెల్ ఉన్నదా?" అంది. అది కడుపులో పురుగులకు ఇచ్చే మందు.

"ఎవరికక్కా?"

"చాపకు."

నేను సరిగా వినలేదేమో అనుకున్నాను. ఆమె అర్థం చేసుకుని, ఓపిగ్గానే చెప్పింది. "ఉప్పునీళ్ళ చాప. దానికి పురుగులు వడ్డయి. ఒంటి మీద, మొప్పలల్ల."

"కామారెడ్డిల ఉప్పునీళ్ళెక్కడియక్కా?"

"నేనే చేసిన," అంది, ఇంట్లో అంబలి కాచానని చెప్పినంత మామూలుగా.

చీటీ లేకుండా ఇవ్వలేనన్నాను. ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపం నాకు ఆ తర్వాత బాగా అలవాటైంది. కనుబొమలు రెండూ కలిసి ఒకే గీత అయ్యేవి. వెళ్ళిపోయి, మధ్యాహ్నం ఎండ తగ్గకముందే పశువుల డాక్టరు రాసిచ్చిన చీటీతో తిరిగి వచ్చింది. పేషంటు పేరు రాసే చోట 'పసుపు చేప' అని ఉంది.

మాత్రలు ఇస్తుంటే అడిగింది. "ఇది నీళ్ళల్ల కరుగుతలేదు. కింద పిండి లెక్క కూసుంటున్నది. దేంట్ల కరుగుతది?"

ఆ ప్రశ్న నాకు నచ్చింది. నేను చదివిన చదువులో ఉన్న ప్రశ్న అది, కానీ షాపు పెట్టాక నన్నెవరూ అడగలేదు. స్పిరిట్‌లో ముందు కరిగించి తర్వాత నీళ్ళలో పోయాలని చెప్పాను. ఎంత స్పిరిట్‌కి ఎంత మందో ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. పోతూ పోతూ నన్ను పైకీ కిందికీ చూసి, "నువ్వు పనికొస్తవు చెల్లె," అంది. ఆమె నోట మెచ్చుకోలు అంటే అంతే.

ఆ పసుపు చేప ఎవరిదో కొన్నాళ్ళకు తెలిసింది. పన్ను నొప్పితో నేను ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వెయిటింగ్ హాల్లో గోడవారగా పెద్ద అద్దాల తొట్టి ఉంది. లోపల రాళ్ళ మధ్య అరచేయంత పసుపుపచ్చ చేప తిరుగుతోంది. బుగ్గలు పట్టుకుని కూర్చున్నవాళ్ళ మధ్య ఆమె కూడా కూర్చుని ఉంది, తొట్టికి వీపు పెట్టి, ఫోన్ మొహం ముందు పట్టుకుని.

"నీకు గూడ పన్ను నొప్పా అక్కా?"

"మాట్లాడకు. చూస్తున్న."

ఆమె ఫోన్ ఆపేసి ఉంది. ఆ నల్లటి అద్దంలో వెనక తొట్టి మొత్తం కనిపిస్తోంది. చేప రాయికి పక్క రాసుకుంటే ఆమె బొటనవేలు కొంచెం కదిలేది. చాలాసేపయ్యాక ఫోన్ దించి చెప్పింది.

"సీదా పోయి నిలవడితే అది రోగం దాసుకుంటది. కొత్త మనిషిని చూడంగనే మంచిగున్నట్టు తిరుగుతది. సముద్రంల సుస్తిగున్నదని తెలిస్తే ఇంకో చాప మింగుతది గద. గా భయం ఈడికొచ్చినా పోదు."

మందు అంతకుముందు ఒకసారి వేసింది. మందుకు పురుగు చస్తుంది కానీ దాని గుడ్డు చావదు. గుడ్లు పొదిగి మళ్ళీ పురుగులు పట్టాయేమో చూడటానికి వచ్చింది. కానీ తొట్టి దగ్గరికి వెళ్ళలేదు. ముందు నేల తుడిచే ఆవిడను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఫినాయిల్ మార్చారా, దోమల మందు ఏ మూల కొట్టారు, ఆదివారం చేపకు తిండి ఎవరు వేశారు, కొత్త చేప ఏదన్నా తెచ్చి వదిలారా. పసిపిల్లకు జ్వరం వస్తే తల్లిని అడిగినట్టు అడిగింది.

తర్వాత గాజులు తీసి సంచిలో వేసుకుంది. నల్లటి ప్లాస్టిక్ టబ్బులో మంచినీళ్ళు పోసి, ఒక చెయ్యి తొట్టిలో, ఇంకో చెయ్యి టబ్బులో పెట్టి, రెండు నీళ్ళ వేడీ ఒకటయ్యేదాకా కళ్ళు మూసుకుని నిలబడింది. చేపను పట్టి టబ్బులో వేసింది. వేయగానే అది పక్కకు ఒరిగి పడిపోయింది. పళ్ళ డాక్టరు మాస్కు కిందికి లాక్కుంటూ లోపలి గదిలోంచి వచ్చాడు.

"అయ్యో, పోయిందా?"

"నాటకం," అంది ఆమె, తల ఎత్తకుండా.

నిజంగా నాటకమే. కాసేపటికి చేప తనంతట తానే లేచి నిలబడింది. దాన్ని మళ్ళీ తొట్టిలోకి పంపాక ఆమె టబ్బు అడుగున టార్చి వేసింది. నల్లటి అడుగు మీద గసగసాల్లా తెల్లటి గింజలు. అంతవరకూ అవి చేప ఒంటి మీదే ఉన్నాయి, అద్దంలా ఉంటాయి కాబట్టి కంటికి కనిపించవు. మంచినీళ్ళు తగలగానే తెల్లబడి ఊడి పడ్డాయి. వాచిన బుగ్గలు పట్టుకునే పేషంట్లంతా లేచి వచ్చి టబ్బు చుట్టూ మూగారు. నా పన్ను నొప్పి నాకు గుర్తు లేదు.

"ఇంకోసారి మందు వెయ్యాలె," అంది ఆమె నాతో. "రేపొస్త నీ కాడికి."

ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, "మస్కట్ల చూసిన," అనేది. అక్కడ ఒక ఇంట్లో వంట చేసేదట. ఆ ఇంట్లో ఒక గోడంతా తొట్టేనట. దాన్ని చూసుకోవడానికి వచ్చే ఫిలిప్పీన్స్ మనిషికి ఈమె టార్చి పట్టుకునేది. అతను పని మానేశాక ఇంకొకర్ని వెతకడం దండగని ఆ ఇంటివాళ్ళు తొట్టి కూడా ఈమెకే అప్పగించారు. అంతకు మించి ఆమె మస్కట్ గురించి నాకు చెప్పింది ఏమీ లేదు. ఒకసారి మాత్రం, "అన్నేండ్లున్నవు గద, సముద్రం చూసినవా అక్కా?" అని అడిగాను.

"కారు కిటికీలకెళ్ళి చూసిన. నీలంగున్నది."

ఆమెకు కొన్ని పట్టుదలలు ఉండేవి. ఉప్పు పాళ్ళు కొలిచే చిన్న గొట్టంలాంటి పరికరం సంచిలో ఉండేది. అయినా ముందు వేలు ముంచి నాలుకకు రాసుకుని, ఎక్కువో తక్కువో చెప్పి, ఆ తర్వాతే కొలిచేది. నాలుక, పరికరం ఒకే మాట చెబితే ఆ రోజంతా మంచి మాట మీద ఉండేది. చెప్పకపోతే పరికరాన్ని తుడిచి మళ్ళీ చూసేది. ఎవరైనా ఫోన్‌లో చేప వీడియో పంపితే చూడదు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను కంగారుపడ్డాను. ఆమె వినేది పంపు చప్పుడు. గులగులమంటే నీళ్ళు తగ్గాయని, గీరుతున్నట్టుంటే లోపల ఏదో ఇరుక్కుందని, చేపకు గాలి సరిపోవడం లేదని. అలా విని, చేప మొహం చూడకుండానే బాగుచేసినవి కొన్ని ఉన్నాయి.

నిజాంసాగర్ చేపల పులుసు వండి నాకు డబ్బాలో తెచ్చేది. పొద్దున చేపకు వైద్యం చేసిన చేత్తోనే మధ్యాహ్నం చేప ముల్లు తీస్తుంటే నాకు నవ్వొచ్చేది. "అవి వేరు, ఇవి వేరు," అనేది, ముల్లు పక్కన పెడుతూ.

ఒక బంగారం షాపులో చేపకు రెక్క మీద గోబిపువ్వులాంటి కాయ లేచింది. ఓనరు హడలిపోయి ఆమెను పిలిపించాడు. ఆమె చూసి, మంచి తిండి పెట్టమని, ఇంకేం చెయ్యొద్దని చెప్పి లేచింది. ఆయనకు అది నచ్చలేదు. అంత దూరం నుంచి పిలిపిస్తే మందే ఇవ్వకపోతే ఎలా అన్నాడు. "దీనికి మందు లేదు సేటూ. అదే వచ్చింది, అదే పోతది. మందు పోస్తే చాప పోతది," అని వచ్చేసింది. నా షాపులో కూర్చుని చాలాసేపు గొణిగింది. మందు ఇవ్వకపోవడం కూడా వైద్యమేనని మనుషులకు ఎందుకు తెలియదో ఆమెకు అర్థం కాదట. మందులమ్మే నన్ను ఆ ప్రశ్న అడిగింది. ఆ కాయ తర్వాత రాలిపోయిందని ఆ ఓనరే నాతో చెప్పాడు.

ఇవన్నీ విని ఆమె ఎప్పుడూ తప్పు చెయ్యదని అనుకుంటారేమో. భిక్నూరు సంగతి చెప్పాలి.

భిక్నూరు దగ్గర హైవే మీద ఒక ధాబా ఉంది. దాని ఓనరు ముప్పై దాటని పిల్లాడు. హైదరాబాద్ వెళ్ళే కార్లు ఆపడానికి ఏసీ గదిలో ఉప్పునీళ్ళ తొట్టి పెట్టాడు. నీలం చేప, చారల చేపలు, నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న జోకరు చేపల జంట ఒకటి. తొట్టిలో పగడాలు కూడా ఉండేవి. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి కదలకపోతే అమ్మానాన్నలు ఇంకో ప్లేటు ఆర్డరు ఇచ్చేవాళ్ళు. ఎండలు మొదలైన కొత్తలో అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఒక పూటంతా కరెంటు పోయింది. జనరేటరు వంటింటికే సరిపోయింది. మర్నాడు చేపలు ఎగపోస్తున్నాయని, ఒంటి మీద తెల్లగా ఏదో వచ్చిందని అతను ఫోన్ చేశాడు.

ఆమె వెళ్ళి చూసి తెల్లమచ్చ అని తేల్చింది. ఒంటి మీద రవ్వ చల్లినట్టు వచ్చే రోగం అది. ఎగపోత మాత్రం కరెంటు పోయి గాలి అందకపోవడం వల్ల అంది. ఉప్పు తగ్గితే పగడాలు చస్తాయని చేపలన్నిటినీ పట్టి వేరే టబ్బులో వేయించి, ఆ నీళ్ళలో ఉప్పు కొంచెం కొంచెంగా తగ్గించడం మొదలుపెట్టింది. ఉప్పు తగ్గితే చేప ఓర్చుకుంటుంది, ఆ పురుగు ఓర్చుకోలేదు. మంచి వైద్యమే. కానీ మర్నాడు నీలం చేప చచ్చిపోయింది. ఆ వెనకే చారల చేప ఒకటి.

చచ్చిన నీలం చేపను మంచుముక్కల మధ్య టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఆమె మా షాపుకి వచ్చింది. డబ్బా తెరిచి, "తెల్లమచ్చ గింత జల్ది సంపదు," అంది. మా షాపు పక్కనే రక్తపరీక్షల ల్యాబు. అక్కడ పనిచేసే తమ్ముడికి మైక్రోస్కోపు ఉంది. ఆమె మొప్పలో చిన్న ముక్క కోసి గాజు పలక మీద పెట్టి అతని ముందు ఉంచింది. అతను మొదట నవ్వాడు. కన్ను ఆనించాక నవ్వలేదు.

"ఇవేంది పెద్దమ్మా, నల్లగ గింజల లెక్క అంటుకున్నయి? మొప్ప నిండ ఇవే."

"కదులుతున్నయా? గిర్రున తిరుగుతున్నయా?"

"లేదు. అతుక్కొని ఉన్నయి."

ఆమె తనూ చూసింది. కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ చూసింది. ఆమె తల ఎత్తి, "రవ్వ అనుకున్న. పిండి ఇది," అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పింది. తెల్లమచ్చ రవ్వలా ఉంటుంది. ఇంకో రోగం ఉంది, అది మెత్తటి పిండి చల్లినట్టు ఉంటుంది. ముందు మొప్పల్లో కూర్చుని ఊపిరి తీస్తుంది, ఒంటి మీద కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. దానికి ఉప్పు తగ్గించినా ఏమీ కాదు.

"కరెంటు పోయిందని విన్న గద, ఎగపోత దాని మీదికి తోసిన. రెండు కారణాలుంటయని సోంచాయించలే."

అప్పుడే ఫోన్ తీసింది. వెళ్ళాక ఎదురుగా చెప్పొచ్చు కదా అన్నాను. "పొయ్యేదాక ఆగితే ఇంకొన్ని సస్తయి," అని నంబరు నొక్కింది. నా కౌంటర్ దగ్గర, మందులు కొనడానికి వచ్చినవాళ్ళంతా వింటుండగా గట్టిగానే చెప్పింది. "తమ్మీ, నేను తప్పు చెప్పిన. అది తెల్లమచ్చ గాదు. ఉప్పు తగ్గించుడు ఆపు. వస్తున్న."

నేను షాపు మూసి, స్కూటీ మీద ఆమెను ఎక్కించుకుని భిక్నూరు తీసుకెళ్ళాను. వెళ్ళేసరికి టబ్బులో ఒకే ఒక్క చేప మిగిలి ఉంది. జోకరు జంటలో చిన్నది, మగది. నీటి పైన నోరు తెరుస్తూ మూస్తూ ఉంది.

ఓనరు మొహం మాడ్చుకుని ఉన్నాడు. "నీ మాట విని బయటికి తీసిన పెద్దమ్మా. తొట్లనే ఉంటే బతుకుతుండెనేమో."

"తొట్ల ఉన్నా సస్తుండె. కాని నేను మొదలే సక్కగ చూస్తే కొన్నన్న బతుకుతుండె. గది నా తప్పే."

అతను పోట్లాటకు సిద్ధపడి ఉన్నాడని మొహంలో తెలుస్తోంది. ఆ మాటతో పోట్లాడటానికి ఏమీ మిగల్లేదు. వంటింటివైపు తిరిగి ఎవరినో ఊరికే కసిరాడు.

"గీ ఒక్కటి నాకియ్యి," అంది ఆమె.

"తీస్కపో. ఇది గూడ సస్తది."

"తొట్టి మాత్రం బందువెట్టకు. పంపులు నడవనియ్యి. అండ్ల చాప లేకుంటే ఆ పురుగుకు తిండుండది. అదే సస్తది. రెండు నెలలన్న ఖాళీగుండాలె."

"ఖాళీ తొట్టి చూసి గిరాకీలు నవ్వుతరు."

"నవ్వనియ్యి."

బకెట్టులో చేపతో, బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపుతో తిరుగు ప్రయాణమయ్యాం. బకెట్టు నా కాళ్ళ దగ్గర పెట్టుకుని, లారీల పక్కన నెమ్మదిగా నడిపాను. బస్టాండు దగ్గర దింపనా అంటే ఆమె బకెట్టులోకి వంగి చూసి, "ఎల్లారెడ్డి దాక ఇది ఆగది," అంది. అలా ఆ చేప మా షాపు వెనక గదిలోకి వచ్చింది.

సెలైన్ పెట్టెలు పక్కకు జరిపి టబ్బు పెట్టాం. దాక్కోవడానికి ఒక పైపు ముక్క వేశాం. ఆ రోగానికి మందు మైలుతుత్తం, రైతులు తెగుళ్ళకు కొట్టేదే. తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే చేప చస్తుంది. తూకం నా పని, కొలత ఆమె పని. చిన్న సీసాలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, వచ్చిన రంగును ఒక అట్టముక్క మీది రంగులతో పోల్చి చూడాలి. వెనక తలుపు తీసి వెలుతురులో పట్టుకుని రోజూ కొట్లాడేవాళ్ళం. ఆమెకు ఆకుపచ్చ అనిపించింది నాకు నీలం అనిపించేది. ఒప్పుకునేది కాదు, కానీ మళ్ళీ మొదటి నుంచి చేసి చూసేది.

ఆ రోజుల్లో ఆమె రోజూ వచ్చేది. మాట తగ్గిపోయింది. చాయ్ ఇస్తే చల్లారిపోయేది. ఇంకెవరైనా చేపను చూడమని ఫోన్ చేస్తే, "ఇప్పుడు గాదు," అనేది. చేప ఎగపోయడం తగ్గింది కానీ పైపులోంచి బయటికి రాలేదు, ఏమీ తినలేదు. రొయ్యను సన్నగా తరిగి వేసింది. వేసినదంతా మళ్ళీ పీల్చి బయట పారబోయాల్సి వచ్చేది, లేకపోతే నీళ్ళు చెడిపోతాయి.

"రోగం పోయినట్టే ఉన్నది. ఆకలికి పోతది ఇది," అంది ఒకరోజు, పెట్టె మీద కూర్చుని.

నేను దోమల మీద విసుక్కున్నాను. వెనక గదిలో కూలర్ నీళ్ళు మార్చక దోమలు పెరిగిపోయాయని. ఆమె చటుక్కున లేచింది.

"కూలర్ల పురుగులున్నయా?"

ఉన్నాయి. దోమపిల్లలు, కొంకర్లు తిరుగుతూ బోలెడు. ఆమె నేను చాయ్ వడపోసుకునే జాలితో వాటిని తోడి, మంచినీళ్ళలో కడిగి, టబ్బులో వదిలింది. అవి ఉప్పునీళ్ళలో గిలగిలా కొట్టుకున్నాయి. పైపులోంచి నారింజ రంగు మూతి కొంచెం బయటికి వచ్చింది. మేమిద్దరం కదల్లేదు. చేప ఒక్క ఉదుటున వచ్చి ఒకదాన్ని అందుకుని మళ్ళీ లోపలికి పోయింది. తర్వాత ఇంకొకటి. ఆమె పెట్టె మీద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, "చెల్లె, చాయ్ తెప్పియ్యి," అంది. ఆ చాయ్ వేడిగా ఉండగానే తాగింది. ఆ జాలిని నేను మళ్ళీ వంటింటికి తీసుకెళ్ళలేదు.

రెండు నెలలు దాటాక చేపను భిక్నూరు తీసుకెళ్ళాం. ఓనరు ఆ తొట్టిలో కూల్‌డ్రింకులు పెట్టుకుందామా అని చాలాసార్లు అనుకున్నాడట, కానీ పంపులు మాత్రం ఆపలేదు. ఖాళీగా ఉన్న అంత పెద్ద తొట్టిలోకి ఆ చిన్న చేప వెళ్ళి, ఒక రాయి పక్కన నిలబడింది.

"ఇది ఆడది అయితది ఇప్పుడు," అంది ఆమె.

అతను నాకేసి చూశాడు, ముసలామె ఏమంటోందని. "నిజం తమ్మీ. ఈ జాతిల పెద్దది ఆడది. ఆడది సస్తే మగదే పెరిగి ఆడదైతది. ఇంకో చిన్నది తెచ్చి జోడి వెయ్యి. తెచ్చినంక నా కాడ కొన్నొద్దులుండాలె, సీదా ఈ తొట్ల వదలకు."

హైదరాబాద్ నుంచి వచ్చిన ఆ చిన్నది కూడా మా వెనక గదిలో కొన్నాళ్ళు ఉండి వెళ్ళింది.

ఆ తర్వాత ఆమె ఏ తొట్టి దగ్గరికి వెళ్ళినా ముందు భిక్నూరు సంగతి చెప్పేది. సదాశివనగర్‌లో ఒక ఇంటికి నేనూ వెంట వెళ్ళాను. ఆ ఇంటాయన ఆమె పేరు విని పిలిపించుకున్నవాడు. కుర్చీలో కూర్చోగానే, "భిక్నూర్ల నేను తప్పు చెప్పిన. ఒకటి మిగిలింది, కడమయన్ని సచ్చినయి. గందుకే ఇయ్యాల చూసి రేపు మల్ల చూస్త. పర్వాలేదంటే చెప్పు, లేకుంటే పోత," అంది. ఆయన చాయ్ తెప్పించాడు. బయటికి వచ్చాక, అలా చెప్పుకుంటే నీ దగ్గరికి ఎవరొస్తారని అడిగాను. "రాకుంటే రానియ్యి. వచ్చినోళ్ళకు తెలవాలె గద," అంది. వచ్చేవాళ్ళు తగ్గారో పెరిగారో నేను చూడలేదు. రోగం చెప్పడానికి మాత్రం మునుపటికంటే ఎక్కువసేపు తీసుకునేది. ల్యాబు తమ్ముడికి పని పెరిగింది. అతనే ఒక్కోసారి మా షాపులోకి తొంగి చూసి, పెద్దమ్మ ఈ మధ్య ఏమీ తేలేదేంటని అడిగేవాడు.

చలికాలం వెళ్ళిపోతుండగా ధాబా ఓనరు నాకు ఫోన్ చేశాడు. ఆమె అప్పుడు మా షాపులోనే ఉంది. ఫోన్ ఆమెకిచ్చాను.

"పెద్దమ్మా, రాయి మీద ఎర్రగ ఏదో అంటుకున్నది. గింత చోటు మొత్తం. మల్ల రోగం వచ్చిందా?"

"పెద్దది ఏం చేస్తున్నది?"

"ఎవ్వల్ని దగ్గరికి రానిస్తలేదు. అద్దం తుడుస్తుంటే గుడ్డ మీదికొస్తున్నది."

ఆమె ఫోన్ నాకిచ్చి, సంచి భుజాన వేసుకుని, "నడువు," అంది. ఎందుకో చెప్పలేదు. స్కూటీ వెనక కూర్చుని దారంతా నా భుజం మీద వేళ్ళతో తాళం వేస్తూనే ఉంది.

ధాబాలో మధ్యాహ్నం భోజనాల వేళ. తొట్టి ముందు అప్పటికే నలుగురు మూగి ఉన్నారు. రాయి వంపులో, నారింజ రంగులో, ఒత్తుగా అతికించిన పూసల్లా గుడ్లు. కొత్తగా వచ్చిన చిన్న జోకరు వాటి ముందు నిలబడి రెక్కలతో నీళ్ళు విసురుతోంది. మా వెనక గదిలో పైపు ముక్కలోంచి బయటికి రాని చేప ఇప్పుడు దానికి రెండింతలైంది. అటూ ఇటూ తిరుగుతూ, అద్దం దగ్గరికి ఎవరు మొహం తెచ్చినా దూసుకొస్తోంది.

"రోగం గాదు తమ్మీ, గుడ్లు," అంది ఆమె. ఓనరు నోరు తెరుచుకుని, తర్వాత తలపట్టుకుని నవ్వాడు. లోపలికి వెళ్ళి వంటవాళ్ళను కూడా పిలుచుకొచ్చాడు.

పంపు నీటి ధార సరిగ్గా గుడ్ల మీదికే కొడుతోంది. దాన్ని పక్కకు తిప్పాలి. ఆమె గాజులు తీసి నాకిచ్చి, స్టూలు ఎక్కి, మోచేతి దాకా నీళ్ళలో పెట్టింది. పెద్ద చేప తిన్నగా వచ్చి ఆమె వేలు కరిచింది. వెనక్కి పోయి మళ్ళీ వచ్చి కరిచింది.

"మందు రాయాల్నా పెద్దమ్మా?" అని కంగారుపడ్డాడు ఓనరు.

"ఏమొద్దు. చూడు చెల్లె, ఎట్ల కరుస్తున్నదో," అంది నాతో. ఆమె అంత ముచ్చటగా మాట్లాడటం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. "ఎంత తాకత్ వచ్చింది దీనికి."

పంపు తిప్పడం అప్పటికే అయిపోయింది. ఆమె మాత్రం చెయ్యి నీళ్ళలోనే ఉంచింది.